తడి చెయ్యి

గుండ్లవంకలో ప్రభుబల్ల ఆదివారం వస్తోందంటే ఊరికి ముందుగా తెలిసేది విశ్వాసమ్మ చేట చప్పుడుతోనే. మాలవాడలో తన ఇంటి గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఆమె గోదుమలు చెరగడం మొదలుపెట్టిందంటే, పత్తికొండ నుంచి మిషను అయ్యగారు వస్తున్నాడనీ, గుడిలో రొట్టె విరుస్తాడనీ, ఆ పూట ఎవరూ పొయ్యి ముట్టించకుండా ఉపవాసంతో రావాలనీ లెక్క. గుడి ముందు వేలాడే రైలుపట్టా ముక్కను కొట్టేది ఆదివారం పొద్దునే. ఈ చేట మాత్రం రెండు మూడు రోజుల ముందే మోగేది.

జొన్నలు, కొర్రలు తినే ఊరు అది. గోదుమలు మిషను నుంచి చిన్న సంచీలో వచ్చేవి. విశ్వాసమ్మ వాటిలో ఒక్క గింజ నోట్లో వేసుకుని ఎరగదు. రాళ్లు ఏరి, మట్టిబెడ్డలు ఏరి, కడిగి ఆరబెట్టిన విసుర్రాయిలో విసిరి, పాత తెల్లచీర గుడ్డలో జల్లించి, ఉత్త నీళ్లు పోసి కలిపేది. ఉప్పు లేదు, నూనె లేదు. కాల్చడానికి వేరే పెనం. అది చూరుకు తలకిందులుగా వేలాడుతుండేది. ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు ఒకసారి తెలియక దాని మీద శెనక్కాయలు వేయించబోతే, "ఒమ్మే, అది దేవుని పెనం మే!" అని అరిచిన అరుపుకు ఆ పిల్ల శెనక్కాయలన్నీ ఒళ్లో పోసుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో పెనం కిందుగా నడవాలన్నా కోడలు తల వంచుకునే నడిచేది.

ఆ గురువారం కూడా విశ్వాసమ్మ చెరుగుతూ ఉంటే కృపమణి కట్టెలు తెచ్చింది. కృపమణిది మాదిగవాడ. గుడి ఊడ్చేదీ, అలికేదీ, బల్ల రొట్టెకు పుల్లలు ఏరి తెచ్చేదీ ఆమే. మోపు దించి, గడపకు బారెడు దూరంలో పెట్టింది. ఇద్దరూ ఒకే గుడిలో ఒకే కీర్తన పాడేవాళ్లే. అయినా ఆ బారెడు దూరం ఎవరూ గీత గీసి చెప్పింది కాదు, కాళ్లకే తెలుసు.

"సన్న పుల్లలే తెచ్చినానక్కా. మంట సమంగా వస్తాది."

"ఆడ పెట్టు మే."

"నీకు భుజం నొప్పి అంటాంటివే. పిండి జల్లించేదానికి నేనన్నా చెయ్యి పట్టేదా?"

"నువ్వేంటికి లేమ్మే. నాకు అలవాటే."

ప్రతి బల్లకూ కృపమణి ఆ మాట అడిగేది, ప్రతి బల్లకూ విశ్వాసమ్మ ఇదే జవాబు చెప్పేది. అడగడమూ వద్దనడమూ రెండూ అరిగిపోయి, బాగున్నావా అంటే బాగున్నాననడంలాగా తయారయ్యాయి.

అంతలో సైకిలు మీద జ్ఞానరాజు అయ్యగారు వచ్చాడు. చిన్న వయసువాడు, సన్నగా ఉంటాడు. మనసులో మాట బయటికి రావాలంటే ముందు కళ్లద్దాలు తుడుచుకోవాలి ఆయనకు. శనివారం రావలసిన మనిషి గురువారమే రావడం చూసి విశ్వాసమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"కూచో పెద్దమ్మా, కూచో. బాగుండావా?"

"దేవుని దయ అయ్యా. ఏంది, ఈ పొద్దే వచ్చినారు?"

అయ్యగారు ఎదురుగా రాతి మీద కూర్చున్నాడు. చేటలో నాలుగు గింజలు తీసి అరచేతిలో దొర్లించాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. కృపమణి మోపు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయింది.

"ఈ తూరి రొట్టె పెద్ద ఈరన్న ఇంట్లో చేస్తారు పెద్దమ్మా."

పెద్ద ఈరన్న ఊళ్లో కాపు. పోయిన నెలలో అతనూ, భార్య సుంకులమ్మా, కొడుకూ వంకలో బాప్తిస్మం తీసుకున్నారు. జ్వరంతో కొడుకు నాలుక పిడచకట్టిపోతే మిషను ఆసుపత్రిలో బతికాడు. ఆ మొక్కు తీర్చుకోవడానికి వచ్చారని కొందరు, దేవుని మాటే విని వచ్చారని కొందరు. ఏదైనా, కాపు ఇల్లొకటి గుడికి రావడం పెద్ద సంగతే. ఆ పూట విశ్వాసమ్మ కూడా వంక ఒడ్డున నిలబడి గొంతు పగిలేలా పాడింది.

"వాళ్లేంటికయ్యా? నా చేతికి ఏమైంది?"

"నీ చేతికేమీ కాలేదు. వాళ్లు కొత్తగా వచ్చినోళ్లు. పాలు తాగే బిడ్డలనుకో. గుడిలో కూచుంటాండారు, పాడతాండారు. అయితే నీళ్లు తగిలిన పిండి, పొయ్యి మీద కాల్చిన రొట్టె... అది మటుకు వాళ్లకు ఇంకా గొంతు దిగదు. కొన్నాళ్లు పోనీ. కాలం మారతాంది. పత్తికొండ సంతలో కాంగ్రెసోళ్లు కూడా అందరూ ఒగటే అని చెప్తాండారు. మెల్లగా..."

"మరి ఈ గోదుమలో?"

"గోదుమలు ఫరవాలేదంట. ఎండు గింజకు అంటు ల్యా. తడి తగిలితేనే."

విశ్వాసమ్మ చేటలోకి చూసింది. ఏరిన గింజలు ఒకవైపు, ఏరనివి ఒకవైపు ఉన్నాయి. మధ్యలో ఆమె వేళ్లు దున్నిన చాలు ఉంది.

"ఇన్నాళ్లూ నేను చేసిన రొట్టెను ఇరిచి, ఇది ప్రభువు శరీరమని చెప్పిండేది మీరే గదయ్యా. అప్పుడు ఆయనదైతే, ఈ పొద్దు అది నా రొట్టె యట్లయింది?"

అయ్యగారు మళ్లీ కళ్లద్దాలు తీశాడు. ఆయన కూడా మాలవాడలో పుట్టినవాడే. చిన్నప్పుడు బడి అరుగు కింద నిలబడి చదువుకున్నవాడే. ఆ మాట తగలకుండా ఉంటుందా? "వాళ్లు ఎనక్కి పోతారేమోనని నాకు భయం పెద్దమ్మా" అన్నాడు, బయటివాళ్లకు వినపడనంత మెల్లగా. ఆ గొంతు విని విశ్వాసమ్మ చేటను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. మిగిలిన గింజలు కూడా ఏరి, సంచిలో పోసి, మూతి కట్టి చేతికిచ్చింది. సగంలో వదిలేసిన పని ఒకరి చేతికివ్వడం ఆమెకు రాదు.

సైకిలు మలుపు తిరిగాక కృపమణి మోపు ఎత్తుకుంది. "కట్టెలు ఆ ఇంటికి తీస్కపోయేదా అక్కా? ఎండు కట్టెలే గదా, పనికొస్తాయి."

"తీస్కపో." ఆమె రెండడుగులు వేశాక, "నీకు కోపం రాదా మే?" అంది విశ్వాసమ్మ.

"నాకేందక్కా, నేను యప్పుడూ గడప ఈతలనే గదా."

దెప్పిపొడిచినట్టు అనలేదు. తల మీద చుట్టకుదురు సర్దుకుంటూ, ఎండ బాగా కాస్తోందన్నంత మామూలుగా అని వెళ్లిపోయింది. విశ్వాసమ్మ ఖాళీ చేటను గోడకు ఆనించి లోపలికి పోయింది.

శనివారం పెద్ద ఈరన్న చేలో శెనక్కాయ పీకుడు. విశ్వాసమ్మ పనికి పోకుండా ఉండాలనుకుంది గానీ, పోకపోతే అలిగిందంటారు. పోయింది. చెట్టును మొదట్లో పట్టి, కొంచెం అటూ ఇటూ ఊపి, లాగి, వేళ్ల మట్టి దులిపి కుప్ప వేయడం. పక్కసాళ్లో జ్ఞానమణి ఉంది. మాలవాడలోనే ఆమె ఇల్లు, ఊళ్లో ఏం జరిగినా ముందు తెలిసేది ఆమెకే.

"ఏమక్కా, ఈ తూరి తీరుబాటంట గదా నీకు?"

"అవును మే. నీ నోటికి కూడా ఒకనాడు తీరుబాటు దొరికితే ఊరు సల్లగుంటాది."

నలుగురూ నవ్వారు. విశ్వాసమ్మ కూడా నవ్వింది, తల ఎత్తకుండా.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సుంకులమ్మ నీళ్లకడవతో వచ్చింది. ఆడవాళ్లు వరసగా వంగి దోసిళ్లు పట్టారు. ఆమె పైనుంచి నీళ్లు వంచింది. బాప్తిస్మం అయింది, పిలుపు మారింది. ఇదివరకు "మే విశ్వాసీ" అనేది, ఇప్పుడు "విశ్వాసమ్మా" అంటోంది. నీళ్లు మాత్రం పైనుంచే పడుతున్నాయి. ఆమెకూ అలవాటే, వీళ్లకూ అలవాటే.

అందరూ సాళ్లలోకి పోయాక సుంకులమ్మ వెనకే వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"విశ్వాసమ్మా, ఆ రొట్టె యట్ల చేస్తాండ్రి మీరు?"

"పిండి, నీళ్లు. కాల్చేది."

"అంతేనా? బెల్లమన్నా యెయ్యరా?"

"అంతే."

"నెయ్యి?"

"అంతే అంటి గదమ్మా."

సుంకులమ్మ శెనక్కాయ ఒకటి వలిచి, తినకుండా చేతిలోనే పెట్టుకుంది. "నాకు శానా భయంగా ఉండాది. మారెమ్మ నైవేద్యంలో ఉప్పు ఎక్కువైందని మా అత్తకు కండ్లు పోయినాయంటారు మా ఇంట్లో. ఈ దేవుని కట్టుబాట్లు యట్లుంటాయో నాకు తెలీదు. నువ్వు దాచకుండా చెప్పు."

దాచిందేమీ లేదు. చెప్పవలసింది మాత్రం ఉంది. ఈ రొట్టె నైవేద్యం కాదని, దేవునికి పెట్టేది కాదని, ఆయనే మనకు పెట్టేదని, అందుకే బీదవాడింట్లో కూడా ఉండేదాన్నే విరుస్తారని విశ్వాసమ్మకు బాగా తెలుసు. ఆ మాటంతా నాలుక చివరిదాకా వచ్చింది. కలపడానికి పనికిరాని చెయ్యి, చెప్పడానికి నోరెందుకు తెరవాలి? ఇంకో చెట్టు పట్టుకుని లాగింది. మట్టి దులిపింది. సుంకులమ్మ ఇంకాసేపు చూసి, ఇక ఈమె చెప్పదు అనుకున్నదానిలా లేచి, కడవ ఎత్తుకుని వెళ్లింది.

ఆదివారం పొద్దున పట్టా ముక్క మోగేసరికి గుడి నిండింది. మట్టిగోడల గుడి, బోదగడ్డి కప్పు, కృపమణి ముందురోజే అలికిన నేల. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. మాలవాడ వాళ్లు ముందు, మాదిగవాడ వాళ్లు వెనక తలుపు దగ్గర. ఇప్పుడు అందరికంటే ముందు కొత్త జంఖానా ఒకటి పరిచారు. దాని మీద పెద్ద ఈరన్న తలపాగా ఒళ్లో పెట్టుకుని, కొడుకును ఆనించుకుని కూర్చున్నాడు. గుడికి తలపాగా తియ్యాలని ఎవరో చెప్పారు గానీ, తీసినదాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పలేదు.

బల్ల మీద తెల్లగుడ్డ పరిచే పని విశ్వాసమ్మకే మిగిలింది. గుడ్డ ఎండుదే కదా. నాలుగు కొసలూ సమంగా లాగుతూ ఉంటే సుంకులమ్మ వచ్చింది. తలారా స్నానం చేసి తడిజుట్టు ముడివేసుకుంది. ఇత్తడి తట్టను రెండు చేతులతో నెత్తిన పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, బోనం మోసుకొచ్చే మనిషిలా నడిచి వచ్చి బల్ల మీద దించింది.

నేతి వాసన వచ్చింది. దాని వెనకే యాలకుల వాసన.

విశ్వాసమ్మ తట్ట మీది గుడ్డ అంచు ఎత్తి చూసింది. ఓళిగలు! పలచగా, పసుపుపచ్చగా, నెయ్యి మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి. శెనగబేడలూ బెల్లమూ కలిపి రుబ్బిన పూర్ణం అంచుల్లోంచి తొంగి చూస్తోంది.

ఆమె ఆ అంచును అలాగే ఎత్తి పట్టుకుంది. చూసుకోండి మరి, అనిపించింది. గురువారం నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. పక్కగదిలోంచి ద్రాక్షరసం గిన్నెతో అయ్యగారు వచ్చి, తట్టలోకి చూసి, గిన్నెను మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఈసారి కళ్లద్దాలు తుడవడం కూడా మరిచిపోయాడు.

"ఇదేంది తల్లీ?"

"ఓళిగలయ్యా. మీరిచ్చిన గోదుమల పిండే. పూర్ణానికి కొత్త బెల్లం. ఎవురితోనూ మాట్లాడకుండా చేసినా."

"పూర్ణంతో చేసింది బల్లకు పెట్టేది కాదమ్మా. పిండేమన్నా మిగిలిందా?"

"అంతా చేసేస్తి." సుంకులమ్మ ముఖం మెల్లగా తెల్లబడింది. "సుట్టం వస్తేనే సప్పిడి రొట్టె పెట్టమే, దేవునికి యట్ల పెట్టేదని... తప్పు చేస్తినా? ఆయనకు కోపమొస్తాదా?" ఆమె చూపు జంఖానా మీది కొడుకు దగ్గరికి పోయింది. తట్టను వెనక్కి లాక్కుంది. "మా వాన్నేమన్నా చేస్తాడా అయ్యా?"

ఆ చూపు చూశాక విశ్వాసమ్మలోని ఉక్రోషం కాస్తా పోయింది. ఏం చేస్తున్నదీ తనకే తెలియకుండా సుంకులమ్మ రెండు చేతులూ పట్టుకుంది. పసుపూ నెయ్యీ అంటిన చేతులు అవి. కాపింటి మనిషి చెయ్యి తాను ఎప్పుడూ ముట్టుకోలేదన్న సంగతి పట్టుకున్న తరువాత గానీ గుర్తుకు రాలేదు.

"ఏమీ చెయ్యడమ్మా. ఆయన అట్లాంటోడు కాదు. ఉప్పుకూ బెల్లానికీ బిడ్డల్ని తీస్కపోయే దేవుడైతే నేనెందుకు ఈ గుడికి వస్తా? నిన్న నువ్వు అడిగితివి, నేను సగం చెప్పి ఊరుకుంటి. కోపమొస్తే నా మీద రావాల. నా మీదా రాదులే, నన్ను ఎప్పటినుంచో చూస్తాండాడు."

సుంకులమ్మ చేతులు విడిపించుకోలేదు.

"ఇప్పుడు రొట్టె యాడ దొరుకుతాది?" అన్నాడు అయ్యగారు. "ఎవరింట్లోనూ పొయ్యి ముట్టించరు ఈ పొద్దు."

నిజమే. విశ్వాసమ్మ గుడి అంతా ఒకసారి కలియజూసింది. అప్పుడే వెనక తలుపు దగ్గర చిన్నపిల్ల గునిసింది. కృపమణి మనవరాలు. ఉపవాసం ఎరగని పసిది. కృపమణి కొంగు ముడి విప్పి, చిన్న తుంపు తుంచి నోట్లో పెట్టి, మళ్లీ ముడి వేసింది.

విశ్వాసమ్మ వెనక్కి నడిచింది. జంఖానా దాటి, తన వాళ్ల వరసలు దాటి, తలుపు దాకా. గుసగుసలు ఆగిపోయాయి. మెడలన్నీ తిరిగాయి.

"నీ కొంగులో ఏముండాది మే?"

"జొన్నరొట్టె అక్కా. పాప ఆకలికి ఆగదని పొద్దున రెండు కాలిస్తి. తప్పా?"

"ఇట్ల ఇయ్యి."

కృపమణి కొంగు మీద చెయ్యి వేసి, కిందనుంచి ఆమె ముఖంలోకి చూసింది. "మా ఇంటి రొట్టె అక్కా. నా చేత్తో తట్టింది. నువ్వు మా ఇంట్లో నీళ్లు గూడా తాగవు."

ఎవరో గూబ మీద కొట్టినట్టయింది విశ్వాసమ్మకు. గడప బయట కట్టెల మోపు, జల్లించేదా అన్న మాట, నువ్వేంటికి లేమ్మే అన్న తన జవాబు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎండు కట్టె పనికొచ్చింది, తడి చెయ్యి పనికి రాలేదు. అయ్యగారు గురువారం కొత్తగా చెప్పిందేమీ లేదు.

"తెలుసు మే," అంది. "ఇన్నాళ్లూ తాగలేదు. ఇయ్యి."

రొట్టెలను అరచేతుల్లో పెట్టుకుని ముందుకు వస్తూ ఉంటే జ్ఞానమణి కొంగు అడ్డం పెట్టుకుని, "మాదిగింటి రొట్టెనా అక్కా?" అంది. విశ్వాసమ్మ ఆగింది. "అవును మే. రెండే ఉండాయి. నీకు వద్దంటే చెప్పు, ఇంకొకరికి కాస్త పెద్ద తుంపు వస్తాది." జ్ఞానమణి కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది.

అయ్యగారు రొట్టె అందుకున్నాడు. ఆయన చూపు జంఖానా వైపు పోవడం విశ్వాసమ్మ గమనించింది.

"చెప్పే పెట్టండయ్యా," అంది మెల్లగా. "చెప్పకుండా పెడితే అది దొంగరొట్టె. పాలు తాగే బిడ్డలంటిరి గదా. ఇదీ బిడ్డ కోసం చేసిందే."

జ్ఞానరాజు అయ్యగారు రొట్టెలను బల్ల మీది తెల్లగుడ్డ మీద పెట్టాడు. తరువాత జనం వైపు తిరిగి, ఈ పూట బల్లకు రొట్టె కృపమణి ఇంటినుంచి వచ్చిందని అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ మాట చెప్పాక ఆయన నిటారుగా నిలబడ్డాడు.

ప్రార్థన అయింది. రొట్టె విరిచాడు. గోదుమరొట్టెలా సాగలేదు, పెళుసుగా విరిగింది. మొదటి తుంపు పట్టుకుని పెద్ద ఈరన్న ముందు నిలబడ్డాడు. ఈరన్న ఆ తుంపును చూశాడు, ఒళ్లోని తలపాగాను చూశాడు. చెయ్యి లేవలేదు. బయట ఎవరిదో ఎద్దు గంటలు వినిపిస్తున్నాయి.

ఆడవాళ్ల వైపు నుంచి సుంకులమ్మ లేచి వచ్చి భర్త పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దోసిలి పట్టింది. నిన్న చేలో వీళ్లు పట్టినట్టే. "నాకు పెట్టండయ్యా. కోపం లేని దేవుడంట, పెట్టండి." నోట్లో వేసుకుని నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, మింగింది. భర్త వైపు తిరిగి, "మన కల్లం జొన్నలే," అంది. "పోయిన వారం కూలికి కొలిచి ఇచ్చినవే. ఆ రుచి తెలుస్తాంది."

పెద్ద ఈరన్న మీసం కింద పెదవి కదిలింది. "అయితే మనవి మనకే వచ్చినాయన్నమాట," అన్నాడు. చెయ్యి చాచాడు. కొడుక్కి కూడా పెట్టించాడు.

గోరంత తుంపులు గుడి అంతా తిరిగాయి. గిన్నె కూడా అదే వరసలో తిరిగింది. జ్ఞానమణి కళ్లు మూసుకుని మింగింది. విశ్వాసమ్మ వంతు చివర్లో వచ్చింది. నోట్లో పెట్టుకుంది. కాస్త ఉప్పు తగిలింది. కృపమణి జొన్నరొట్టెలో ఉప్పు వేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఒక్క వాడ దూరంలోనే ఉండి, ఆ చిన్న సంగతి తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆరాధన అయ్యాక గుడి నీడలో ఓళిగలు పంచారు. మొదటిది కృపమణి మనవరాలికి. దాని రొట్టె అందరూ తినేశారు కదా మరి. సుంకులమ్మ తట్ట చంకన పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చేతిలో పెట్టింది. పైనుంచి వెయ్యలేదు. ఉపవాసం ఉన్న కడుపులు, కొత్త బెల్లం. తట్ట ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుంది?

"వచ్చే బల్లకు పిండి నువ్వు కలుపు మే," అంది విశ్వాసమ్మ కృపమణితో, వేళ్లకంటిన నెయ్యి నాకుతూ.

కృపమణి నమలడం ఆపింది. "నేనా? నీ గడప లోపలికొచ్చా?"

"గడప బయట కలిపితే దుమ్ము పడదా?"

"మరి నీకేం పనుంటాది అక్కా?"

"నాకా? పెనం కాడ కూచుంటా." సుంకులమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఈయమ్మ పూర్ణం పెట్టకుండా కాపలా."

సుంకులమ్మ పకపకా నవ్వింది. మూడు రోజులుగా భయం దాచుకున్న మనిషి నవ్వు అది, ఆపుదామన్నా ఆగలేదు. దూరంగా సైకిలు పట్టుకుని నిలబడ్డ అయ్యగారు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

పొద్దు వాలేసరికి విశ్వాసమ్మ ఇంటికి వచ్చి, ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, చూరులోంచి పెనం దించింది. కొంగుతో దుమ్ము తుడిచి కోడలి ముందు పెట్టింది.

"చేలోనుంచి తెచ్చిన శెనక్కాయలు ఉండాయి గదా. దీని మీద వేయించు."

కోడలు రెండడుగులు వెనక్కి వేసింది. "అది దేవుని పెనం గదత్తా!"

"దేవునిదే. ఆయనకు శెనక్కాయలంటే పడదని నీకెవురు చెప్పినారు?"

కోడలు ఇంకా నమ్మకం లేనట్టే పెనాన్ని పొయ్యి మీద పెట్టింది. గింజలు పోసి, భయం భయంగా ఒకసారి కలిపింది. ఇంకోసారి కలిపింది. కాసేపటికి అవి చిటపటమన్నాయి. విశ్వాసమ్మ గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, నొప్పిగా ఉన్న భుజాన్ని తానే పిసుక్కుంటూ, వేగుతున్న వాసన వీధిలోకి పోతుంటే పోనిచ్చింది.